వర్క్‌షాపా, పక్కన కూర్చుని నేర్పడమా?

ఆసరా లేని పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థలకు పర్యవేక్షణ, మూల్యాంకనం నేర్పాలంటే చాలామంది ముందు వర్క్‌షాపే పెడతారు. 2, 3 రోజుల్లో ఎన్నో సంస్థలకు ఒకే పరిభాష అలవడుతుంది, తలకు ఖర్చూ తక్కువే. తిరిగి వెళ్లాక మాత్రం రిజిస్టరు పాత పద్ధతిలోనే నిండుతుంది.

అనుభవమున్న మనిషి నెలనెలా సంస్థకే వచ్చి, వాళ్ల రిజిస్టరే తెరిచి కూర్చోవడం వేరు. పిల్లల బాగోగులను స్కోర్లతో అంచనా వేసే చైల్డ్ స్టేటస్ ఇండెక్స్‌నే తీసుకోండి: 6 రంగాలు, 12 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా స్కోరు. ఒకే పాపకు ఒక కార్యకర్త 2, ఇంకొకరు 4 ఎందుకు వేశారు? రోజూ బడికెళ్లే ఆ పాప ఇంట్లో భయపడుతూ బతుకుతోందేమో! ఇలాంటివి ఆ ఇంటికి వెళ్లొచ్చాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటేనే తేలతాయి.

ఇది నెమ్మదైన పని, ఖర్చూ ఎక్కువే. అయినా నిధులు కొద్దిగానే ఉంటే వర్క్‌షాపును ఒక్క రోజుకు కుదించి, మిగతాదంతా దీనికే పెట్టమంటాను.