డెల్టా దారుల్లో ఏ చిన్న కారు వేగం మేలు? పోలో, అబార్త్ పుంటో, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళే దారిలో కొబ్బరి లారీ వెనక చిక్కుకున్న కారుకు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పనిలేదు. ఒక పక్క కాలువ, ఎదురుగా దూరంలో బస్సు, ఆ బస్సు వెనక మలుపు. వీటి మధ్య దారి ఖాళీగా దొరికేది ఏడెనిమిది సెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే 40 నుంచి 80కి అందుకుని, లారీని దాటి, మళ్ళీ మన వరుసలోకి వచ్చేయాలి. వేగంగా పోయే చిన్న కార్లలో ఏది గొప్పదని మా మిత్రులం ఆదివారం పొద్దున పెసరట్టు ముందు కూర్చుని ఎన్నో ఏళ్ళుగా వాదించుకుంటున్నాం. సున్నా నుంచి నూరుకు ఎన్ని సెకన్లు అన్న లెక్కతో మొదలయ్యే ఆ వాదనలో నేను ఎప్పుడూ ఒకటే అడుగుతాను. మూడో గేరులో 40 దగ్గర కాలు నొక్కితే ఆ కారు ఏం చేస్తుంది? గోదావరి డెల్టాలో వేగానికి అంతకు మించిన కొలత లేదని నా నమ్మకం.

దీనికి కారణం ఇంజనులోనే ఉంది. మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగం దగ్గర ఈ చిన్న ఇంజన్లు నిమిషానికి సుమారు 1,500 నుంచి 1,800 చుట్లు తిరుగుతుంటాయి. టర్బో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం, లేని ఇంజనుకు ఆ స్థితిలో లాగే శక్తి చాలా తక్కువ. మనవాళ్ళు ఎంతో ఇష్టపడే స్విఫ్ట్‌నే తీసుకోండి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ ఇంజను 82 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) శక్తిని, 112 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, ఇస్తుంది. అయితే ఆ టార్కు పూర్తిగా అందేది ఇంజను 4,000 చుట్లు దాటాక. కారు తేలిక కాబట్టి ఊళ్ళో చలాకీగా తిరుగుతుంది, సందుల్లో దానికి సాటి లేదు. కానీ నలుగురు మనుషులు, ఏసీ, వెనక ఒక బియ్యం బస్తా ఉన్నప్పుడు లారీని దాటాలంటే గేరు రెండుసార్లు దించాలి. అందుకే దాన్ని ఈ పోలికలోకి తీసుకోలేదు. జపానులో అమ్మిన స్విఫ్ట్ స్పోర్ట్ మాత్రం వేరే సంగతి. 970 కిలోల బరువుకు 1.4 లీటర్ల టర్బో ఇంజను, 140 పీఎస్ శక్తి. అది మన షోరూములకు రాలేదన్న బాధ మా బృందంలో ప్రతి ఒక్కరికీ ఉంది.

అది రాకపోవడానికి మన పన్నుల లెక్క కూడా ఒక కారణమని నా అభిప్రాయం. కారు పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజను 1,200 సీసీ దాటకుండా ఉంటేనే చిన్న కారు పన్ను వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అటువంటి కార్లకు జీఎస్టీ 18 శాతం, వాటికన్నా పెద్దవాటికి 40 శాతం. 1.4 లీటర్ల ఇంజను పెట్టిన మరుక్షణం కారు పొడవు ఎంత చిన్నదైనా పెద్ద కార్ల పన్ను కట్టాల్సిందే. మన దేశపు వేగమైన చిన్న కార్లలో ఎక్కువ భాగం ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో ఇంజన్లతోనే వస్తున్నాయంటే అందులో ఈ లెక్క పాత్ర తక్కువేమీ కాదు. 2025లో మన దేశానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐ 265 పీఎస్ కారు, అప్పటి ధర 53 లక్షలు. దాన్ని గట్టు రోడ్ల మీద నడుపుదామని మాలో ఎవరూ అనుకోలేదు.

జీఎస్టీ రాకముందే ఇటువంటి పన్ను భారాన్ని మోస్తూ వచ్చిన కారు ఫియట్ వారి అబార్త్ పుంటో. మా వాదనలన్నిటికీ కేంద్రం అదే కాబట్టి దాని గురించి వివరంగా చెప్పాలి. 2015 అక్టోబరులో వచ్చింది. 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో ఇంజను, 145 పీఎస్, 212 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, విడుదల ధర పది లక్షల లోపు. సున్నా నుంచి నూరుకు 8.8 సెకన్లని కంపెనీ చెప్పింది. ఆ ధరలో అంత శక్తి గల పెట్రోలు కారును అంతకుముందు మన దేశంలో ఎవరూ ఇవ్వలేదు. స్టీరింగ్‌కు హైడ్రాలిక్ సహాయం ఉండటంతో చక్రం కింద ఇసుక ఉందో తారు ఉందో చేతికి తెలిసిపోతుంది. ఇవాళ్టి ఎలక్ట్రిక్ స్టీరింగుల్లో ఆ స్పర్శ పోయిందని పాత కార్లు నడిపినవారు అనే మాటలో నిజముంది. కడియపులంక నర్సరీలు దాటాక పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఆ కారును ఐదో గేరులో నడిపినప్పుడు నాకు కలిగిన ఆనందం ఈ జాబితాలోని మరే కారులోనూ కలగలేదు.

అయినా డెల్టాకు అది మొదటి ఎంపిక కాదంటాను. టార్కు పూర్తిగా అందేది 2,000 చుట్ల దగ్గర. అంటే మూడో గేరులో 40 దగ్గర కాలు నొక్కాక ఇంజను ఊపిరి తీసుకునే ఒక క్షణం గడిచాక గానీ కారు ముందుకు దూకదు. ఈ మాట అన్నప్పుడల్లా మా భీమవరం మిత్రుడు ఒప్పుకోడు. “మూడులో ఎందుకు నొక్కుతారు బావగారూ, రెండులోకి దించండి, అప్పుడు చూడండి” అంటాడు. ఆయన చెప్పింది నిజమే. రెండో గేరులో ఆ కారు లారీని దాటే తీరు చూసి తీరాలి. కానీ ఆ గేరు దించడానికి పట్టే సమయం, ఒక్కసారిగా వచ్చే ఊపు, తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారే అవకాశం, ఇవన్నీ ఆ ఏడెనిమిది సెకన్లలోనే లెక్కకు రావాలి. అలవాటైన చేతికి అది ఆట, మిగతావారికి పరీక్ష.

నేలకూ కారుకూ మధ్య ఎడం 155 మిల్లీమీటర్లే ఉండటం రెండో ఇబ్బంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు పడవ మీద కారు ఎక్కించినవారికి ఆ అంకె ఎంత తక్కువో వివరించనవసరం లేదు. గట్టు నుంచి బల్లల మీదికి, బల్లల మీద నుంచి పంటు మీదికి ముందు బంపరు తగలకుండా ఎక్కించాలంటే ఒక మనిషి దిగి దారి చూపాలి. పైగా ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపి ఏళ్ళయింది. విడిభాగాల కోసం ఊళ్ళు తిరిగే ఓపిక, ఆ ఇంజను తెలిసిన మెకానిక్కు, ఇంట్లో రోజువారీ పనులకు మరో కారు, ఈ మూడూ ఉన్నవారు తప్పక కొనుక్కోవాలి. ఆ మూడింట్లో ఒక్కటి లేకపోయినా బాధ పడతారు.

ఫోక్స్‌వాగన్ పోలో సంగతి వేరు. పుణె దగ్గరి చకాన్ ఫ్యాక్టరీలో తయారై, 2010 నుంచి 2022 దాకా మన దేశంలో అమ్ముడైన ఈ కారులో మా పోలికకు సరిపోయేవి రెండు రకాలు. మొదటిది 2013లో వచ్చిన జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు, డీఎస్‌జీ అనే ఏడు గేర్ల, రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సు. రెండోది 2020లో వచ్చిన ఒక లీటరు టీఎస్ఐ. మూడు సిలిండర్లు, 110 పీఎస్, అంతే టార్కు. మొదటి ఇంజను 1,500 చుట్ల దగ్గరే పూర్తి బలం అందుకుంటుంది కాబట్టి నా కొలతకు అచ్చంగా సరిపోవాలి, ఇంజను వరకు సరిపోయింది కూడా. చిక్కల్లా ఆ గేరుబాక్సు దగ్గరే. అందులోని రెండు క్లచ్చులూ నూనెలో మునగని పొడి రకం. ఎడతెగకుండా పాకుతూ పోవలసి వస్తే అవి వేడెక్కుతాయి. సార్వా కోతల కాలంలో రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, మిగిలిన సగంలో కోత మిషను నడుస్తుంటే, దాని వెనక అరగంట పాటు మనిషి నడక వేగంతో పోవడం మనకు అలవాటైన సంగతే. ఆ పని పొడి క్లచ్చులకు చెప్పదగినది కాదు. అందుకే పాత జీటీ టీఎస్ఐ కొనేవారు గేరుబాక్సు మరమ్మతుల చరిత్ర కాగితాల్లో చూడకుండా బయానా ఇవ్వకూడదు.

2020 తరవాతి ఒక లీటరు టీఎస్ఐలో జీటీకి ఆ పొడి క్లచ్చులకు బదులు ద్రవంతో బలం అందించే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వచ్చింది. మిగతా రకాల్లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. ఈ మాన్యువల్ కారే నా దృష్టిలో డెల్టాకు సరైనది. మూడు సిలిండర్ల అదురు నిలబడి ఉన్నప్పుడు కొద్దిగా తెలుస్తుంది, కదిలాక తెలియదు. సిద్ధాంతం వంతెన మీద పక్కగాలి కొట్టినా, గట్టు రోడ్డు మీద వరుసగా మలుపులు వచ్చినా, వయసు మళ్ళిన మనిషి కర్ర ఊతంతో నిలబడ్డట్టు నెమ్మదిగా, నిబ్బరంగా నిలుస్తుంది. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి, తారు రోడ్డును అలలుగా మార్చేస్తుంది. ఆ అలల మీద 80లో పోతున్నప్పుడు పోలో ఒక్కసారి కుంగి, ఒక్కసారి లేచి, అక్కడితో ఊరుకుంటుంది. రెండోసారి ఊగదు. డ్రైవరుకు ఆ నమ్మకం ఇచ్చే కారు ఆ ధరలో ఇంకొకటి లేదు. వెనక సీట్లో మోకాళ్ళకు చోటు తక్కువ, ఆ లోపం దాచలేనిది. ద్రాక్షారామం దాకా అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకెళ్ళే ఇంటికి అది ఇరుకే. కొత్తది దొరకదు కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు గనక రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఒకసారి చూపించుకోవాలి.

వారంటీతో కొత్త కారు కావాలనేవారికి నేను ముందు చెప్పే పేరు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. ఒక లీటరు టర్బో ఇంజను, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు, అదీ 1,500 చుట్ల నుంచే. 2021లో వచ్చినప్పుడు క్లచ్చు పెడలు లేని మాన్యువల్ ఇచ్చారు. గేరు మనం మార్చాలి, క్లచ్చు మాత్రం కారే చూసుకుంటుంది. ఆ ఏర్పాటు నాకు నచ్చలేదు. కారు నడపడంలోని ఆనందం కోసం డబ్బు పెట్టే మనిషి నుంచి క్లచ్చును లాక్కోవడం ఏమిటని అప్పట్లో మా వాళ్ళతో గట్టిగానే వాదించాను. 2023 సెప్టెంబరులో దాని స్థానంలో మూడు పెడళ్ళ ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. కొనేవారు అదే కొనాలి. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులుండటం మన దారుల్లో నిజంగా పనికొచ్చే గుణం. గట్టు దిగువ నుంచి హఠాత్తుగా గేదె రోడ్డెక్కినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సస్పెన్షన్‌ను మామూలు ఐ20 కన్నా కొంచెం బిగించారు. హైవే మీద అది మంచిదే, లంక గ్రామాల గతుకుల మీద మాత్రం వెనక కూర్చున్నవారికి తెలుస్తుంది. వెనక సీటు విశాలంగా ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా నొచ్చుకోరు.

టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024 జూన్‌లో వచ్చింది. 1.2 లీటర్ల టర్బో, అదే 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్, విడుదలప్పుడు ప్రారంభ ధర 9.49 లక్షలు. కాగితం మీద ఐ20కి సమ ఉజ్జీ. నడిపి చూస్తే బలం అందడం కొంచెం ఆలస్యం, 1,750 చుట్ల దగ్గర. ఇంజను నునుపు కూడా ఐ20 అంత లేదు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే. కానీ గతుకులను మింగడంలో ఇది ముందుంటుంది, తలుపులు 90 డిగ్రీల దాకా తెరుచుకోవడంతో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఇబ్బంది లేకుండా ఎక్కుతారు. అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. 2020లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆల్ట్రోజ్‌కు పెద్దవారి రక్షణలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు 2014లో నాలుగు, ఐ20కి 2022లో మూడు వచ్చాయి.

ఈ మూడు నక్షత్రాల దగ్గరే నా మనసు ప్రతిసారీ ఆగుతుంది. వేగంగా నడపడానికే కారు కొంటున్నప్పుడు, కాలువ గట్టుకు చాలా చోట్ల అడ్డుగోడ లేనప్పుడు, కారు బాడీ గట్టిదనాన్ని పక్కన పెట్టి ఇంజనును మాత్రమే మెచ్చుకోవడం నాకు సబబుగా తోచదు. కొత్త కారు కొనేవారిలో ఒంటరిగా, లేదా ఇద్దరుగా తిరిగేవారికి ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ అంటాను. ఇంటిల్లిపాదీ ఎక్కే కారుగా, రాత్రిపూట కూడా అమలాపురం, కాకినాడ మధ్య తిరగవలసిన కారుగా అయితే ఆ కొద్దిపాటి ఇంజను తేడాను వదులుకుని ఆల్ట్రోజ్ రేసర్ తీసుకోమంటాను. నాలుగు డిస్కులు, ఒక లీటరు టర్బో ఉన్న 2017 నాటి బలేనో ఆర్ఎస్ కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లతో అది తక్కువ ఖర్చులో మంచి కారే, కానీ స్టీరింగ్‌లో పోలో నిబ్బరం లేదు.

పాలకొల్లులో ఉండే మా మేనల్లుడు ఈమధ్య పది పన్నెండు లక్షలు చేతపట్టుకుని “ఏది కొనమంటారు మావయ్యా” అని అడిగాడు. షోరూమువారు చూపించే నాలుగు వరుసల రోడ్డు మీద నడిపి ఏమీ తేల్చుకోవద్దన్నాను. ముగ్గురిని ఎక్కించుకో, ఏసీ వెయ్యి, గట్టు రోడ్డు ఎక్కు. ఎదురుగా ఎవరూ లేని తిన్నని చోట మూడో గేరులో 40 దగ్గర కాలు నొక్కి, 80 వచ్చేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టు. తరవాత అక్కడే ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి, స్టీరింగ్ పక్కకు లాగుతోందేమో చూడు. తిరిగి వచ్చేటప్పుడు మీ అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టు, స్పీడ్ బ్రేకర్ల మీద ఆమె ఏమంటుందో విను. వచ్చే ఆదివారం వాడు ఐ20, ఆల్ట్రోజ్ రెండూ అలా నడిపి చూడబోతున్నాడు. పెసరట్టు దగ్గర మా వాదన ఆ లెక్కలు వచ్చేదాకా ఆగింది.