నంపై: ఎర్రర్ ఇవ్వని తప్పులతోనే అసలు తంటా

ఏళ్ల తరబడి రోజూ వాడే లైబ్రరీ గురించి "బాగుంది, వేగంగా ఉంది" అని రాస్తే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. నంపై అనేది పైథాన్‌లో అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ, దాని వేగం మీద ఎవరికీ అనుమానం లేదు. 2006లో 1.0 వెర్షన్ వచ్చాక పాండాస్, సైపై, సైకిట్-లెర్న్ లాంటి డేటా లైబ్రరీలన్నీ దాని మీదే నిలబడ్డాయి. తెలుసుకోవలసింది అది ఎక్కడ తప్పు జవాబు ఇస్తుంది, ఎందుకు ఇస్తుంది అన్నదే. ప్రోగ్రామ్ ఆగిపోయి ఎర్రర్ చూపిస్తే కారణం త్వరగానే తేలుతుంది. ఏ హెచ్చరికా లేకుండా తప్పు అంకె వచ్చినప్పుడే రోజులు గడిచిపోతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది బ్రాడ్‌కాస్టింగ్, అంటే కొలతలు కలవని రెండు అంకెల పట్టికలను (అర్రేలను) నంపై తనే సాగదీసి కలపడం. అసలు విలువల అర్రే షేప్, అంటే ఏ దిశలో ఎన్ని గడులో చెప్పే కొలత, (1000,) అనుకోండి, మోడల్ ఇచ్చిన అంచనాల షేప్ (1000, 1). ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వెయ్యి తేడాలు రావాలి. వచ్చేది (1000, 1000), అంటే పది లక్షల తేడాలు. ప్రతి విలువనూ ప్రతి అంచనాతోనూ పోల్చేసింది. వాటి వర్గాల సగటు తీస్తే ఒకే అంకె వస్తుంది కాబట్టి చూసినవాళ్లకు అనుమానం రాదు, మోడల్ బాగా లేదేమో అనుకుంటారు. నంపై రెండు షేప్‌లనూ కుడి చివర నుంచి పోలుస్తుంది. ఎక్కడైనా 1 ఉంటే, లేదా ఆ డైమెన్షనే లేకపోతే, అవతలి కొలతకు సాగదీస్తుంది. అదే లక్ష వరసలతో చేస్తే 74.5 గిబిబైట్లు కేటాయించలేనని ఎర్రర్ వస్తుంది. అడిగిన దానికి పొంతన లేనంత మెమరీ కావాలని ఎర్రర్ వచ్చిందంటే ర్యామ్ కొనే ముందు షేప్‌లు ప్రింట్ చేసి చూడండి. అంచనాలను రావెల్‌తో ఒక డైమెన్షన్‌కు తెచ్చి, తీసివేతకు ముందు రెండు షేప్‌లూ సమానమని అసర్ట్ (నిజం కాకపోతే ప్రోగ్రామ్‌ను ఆపే తనిఖీ) పెడితే ఈ సమస్య పోతుంది.

దీనికి తోబుట్టువు లాంటిది ఇంకొకటి. (500, 12) అర్రేలో ప్రతి వరస సగటునూ ఆ వరసలోంచి తీసేయాలి. యాక్సిస్ 1 మీద, అంటే వరస వెంట, సగటు తీస్తే షేప్ (500,) అవుతుంది, తీసివేత దగ్గర ఎర్రర్ వస్తుంది. మంచిదే. కానీ అర్రే (12, 12) అయితే ఎర్రర్ రాదు. వరసల సగటులు నిలువు వరసల్లోంచి పోతాయి. సగటు తీసేటప్పుడే కీప్‌డిమ్స్ (డైమెన్షన్లను అలాగే ఉంచే ఆప్షన్) ట్రూ అని ఇవ్వాలి. టెస్టులు రాసేటప్పుడు చతురస్ర అర్రేలు అసలు వాడకండి. 3 వరసలు, 5 నిలువు వరసలు పెడితే యాక్సిస్ తారుమారైన తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి.

తర్వాతది డీటైప్, అంటే అర్రేలోని అంకెల రకం. ఫొటోల పిక్సెళ్లు సాధారణంగా యూఇంట్8లో (గుర్తు లేని 8 బిట్ల పూర్ణాంకాలు) ఉంటాయి, 255 దాటితే మళ్లీ 0 నుంచి మొదలు. అలాంటి రెండు అర్రేలలో 200, 100 కలిపితే 44 వస్తుంది. కలిపాక ఫ్లోట్‌కు (దశాంశ అంకెల రకానికి) మార్చి లాభం లేదు, కలపకముందే మార్చాలి. ఇంట్32లో (32 బిట్ల పూర్ణాంకాలు) లక్షను లక్షతో గుణిస్తే వెయ్యి కోట్లకు బదులు 141,00,65,408 వస్తుంది. విండోస్‌లో 2.0 ముందు వరకు డిఫాల్ట్ పూర్ణాంకం 32 బిట్లే కావడంతో ఒకే ప్రోగ్రామ్ లినక్స్‌లో సరైన జవాబు, విండోస్‌లో తప్పు జవాబు ఇచ్చేది. 2024 జూన్‌లో వచ్చిన 2.0 దీన్ని 64 బిట్ల విండోస్‌లో సరిచేసింది. లెక్కల్లో తప్పు జరిగితే ఏం చేయాలో చెప్పే సెట్‌ఎర్ ఫంక్షన్‌లో డివైడ్, ఓవర్, ఇన్‌వాలిడ్ మూడింటికీ రెయిజ్ పెడితే నాన్ (అంకె కాని విలువ) పుట్టిన వరసలోనే ప్రోగ్రామ్ ఆగుతుంది, దాన్ని తప్పక వాడండి. అయితే అర్రేలలో పూర్ణాంకాల ఓవర్‌ఫ్లోను, అంటే విలువ హద్దు దాటిపోవడాన్ని, అది పట్టుకోదు. ఇన్నేళ్ల వాడకంలో నంపైలో నాకు మింగుడుపడని లోటు ఇదే.

ఇంకో అస్థిరత కూడా చెప్పాలి. పూర్ణాంకాల అర్రేకు 0.5ను ప్లస్-ఈక్వల్‌తో (+=) కలిపితే ఎర్రర్ వస్తుంది. అదే అర్రేలో ఒక గడిలో 2.7 పెడితే మాట్లాడకుండా 2గా కత్తిరిస్తుంది.

ఫ్లోట్32 కూడికల సంగతి చాలామందికి తెలియదు. (2,00,00,000, 2) షేప్‌లో అన్నీ ఒకట్లతో ఫ్లోట్32 అర్రే చేసి, యాక్సిస్ 0 మీద కూడండి. రెండు కోట్లు రావాలి, 1,67,77,216 వస్తుంది. ఫ్లోట్32కు 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది, 2 ఘాతం 24 చేరాక 1 కలిపినా విలువ కదలదు. నంపైలో జతలు జతలుగా కూడి ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి ఉంది, కానీ మెమరీలో పక్కపక్కనే ఉన్న యాక్సిస్ మీదే అది పనిచేస్తుంది. అందుకే అదే డేటాకు దిశ మారిస్తే జవాబు మారుతుంది. సమ్, మీన్ పిలిచేటప్పుడు డీటైప్‌గా ఫ్లోట్64 ఇస్తే చాలు, అర్రేను మొత్తంగా మార్చి మెమరీ రెట్టింపు చేసుకోనక్కర్లేదు.

వ్యూ, కాపీల తేడా గురించి అందరూ చెబుతారు కనుక క్లుప్తంగా: స్లైస్ (అర్రేలోంచి కోసిన ముక్క) వ్యూ ఇస్తుంది, అంటే అదే డేటాను చూపిస్తుంది, మాస్క్‌తోనో (ట్రూ, ఫాల్స్‌ల అర్రే) ఇండెక్సుల లిస్టుతోనో తీస్తే కాపీ వస్తుంది. మాస్క్ పెట్టి తీసిన దానికి మళ్లీ బ్రాకెట్లు పెట్టి విలువ ఇస్తే అసలు అర్రే మారదు. సందేహముంటే షేర్స్‌_మెమరీ అడగండి. పెద్ద అర్రేలో పది గడుల స్లైస్ దాచుకున్నా ఆ పెద్ద అర్రే మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది, అలాంటప్పుడు కాపీ తీసుకోండి.

జవాబులు సరిచూసుకునే ఆల్‌క్లోజ్ మీద కూడా కన్నేసి ఉంచాలి. దాని డిఫాల్ట్ ఏటాల్ (పట్టించుకోకుండా వదిలేసే తేడా) 0.00000001. విలువలే అంతకన్నా చిన్నవైతే, ఉదాహరణకు మీటర్లలో రాసిన నానోమీటర్ కొలతలు, దేన్ని దేనితో పోల్చినా ట్రూ అంటుంది. టెస్టింగ్ మాడ్యూల్‌లోని అసర్ట్‌_ఆల్‌క్లోజ్ మేలు. అందులో ఏటాల్ సున్నా, పైగా షేప్‌లు కలవకపోతే ఒప్పుకోదు.

వెర్షన్ల విషయానికొస్తే, పాత ప్రాజెక్టులో డీటైప్ సైజు మారిందనీ బైనరీ పొంతన లేదనీ ఎర్రర్ వస్తే మీ కోడ్‌ను తవ్వకండి. చాలాసార్లు కారణం ఒక ప్యాకేజీని నంపై 1తో కంపైల్ చేసి 2తో నడపడమే. ఆ ప్యాకేజీని కొత్తదానికి మార్చండి, కుదరకపోతే నంపైని 2 కన్నా తక్కువకు కట్టేయండి. 2.0లో టైపుల నియమాలు కూడా మారాయి. విడి ఫ్లోట్32 అంకెకు పైథాన్ 3.0 కలిపితే మునుపు ఫ్లోట్64 వచ్చేది, ఇప్పుడు ఫ్లోట్32గానే ఉంటుంది. యూఇంట్8 అర్రేకు 300 కలిపితే మునుపు యూఇంట్16 అయ్యేది, ఇప్పుడు ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. ఈ మార్పు నాకు నచ్చింది. టైపు ఏమవుతుందో ఇప్పుడు విలువను బట్టి కాక టైపుల్ని బట్టే చెప్పవచ్చు. కానీ మారిన వెంటనే పాత ఫలితాలతో పోలిస్తే ఏడో అంకె దగ్గర తేడాలు కనిపించవచ్చు, వాటిని ముందుగా ఈ నియమాల వైపు నుంచే వెతకండి. 2.0లో తీసేసిన పేర్ల కోసం ఫైళ్లన్నీ చేత్తో గాలించనక్కర్లేదు, పైథాన్ కోడ్‌ను తనిఖీ చేసే రఫ్ టూల్‌లో ఎన్‌పీవై201 నియమం ఆన్ చేస్తే చాలా వాటిని అదే చూపించి మార్చేస్తుంది.