జాగ్రత్త: గేమ్ థియరీ పేరుతో టెస్టింగ్ టూల్ అమ్ముతున్నారు

కర్నూల్లో, చుట్టుపక్కల చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడిపేవాళ్లు ఇది చదవండి. గేమ్ థియరీతో (ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తు ఎంచుకునే గణిత శాస్త్రం) టెస్ట్ కేసులు, అంటే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఇన్‌పుట్లు, వాటంతటవే తయారవుతాయంటూ ఒకాయన టూల్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఏడాది లైసెన్సుకు మా దగ్గర 18,000 తీసుకున్నాడు. స్లైడ్లలో ఆ శాస్త్రానికి పునాది వేసిన గణితజ్ఞుడు వాన్ న్యూమన్ ఫొటో, ఆయన 1928 నాటి మినిమాక్స్ సిద్ధాంతం, నాష్ ఈక్విలిబ్రియం లాంటి పెద్ద మాటలన్నీ ఉన్నాయి. టూల్‌లో మాత్రం ఆటే లేదు.

నేనూ మా తమ్ముడూ ఉల్లి మండీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. చెల్లింపు మూడు రకాలు, సరుకు మూడు గ్రేడ్లు, కమీషన్ మూడు రేట్లు ఆ టూల్‌కు ఇస్తే, వరసకో టెస్టు చొప్పున 9 వరసల ఎక్సెల్ షీటు వచ్చింది. ఒకదానితో ఒకటి అన్ని కలయికలూ రాస్తే 27 రావాలి. ఏ రెండు అంశాలు తీసుకున్నా వాటి జతలన్నీ ఒక్కసారైనా తగిలితే చాలనుకుంటే 9 సరిపోతాయి. ఇది పెయిర్‌వైజ్ టెస్టింగ్. మంచి పద్ధతే, కానీ మైక్రోసాఫ్ట్ వాళ్ల పిక్ట్ (PICT) అనే టూల్ ఈ పని ఫ్రీగా చేస్తుంది.

గేమ్ థియరీ దారి వేరు. టెస్టర్ ఒక ఆటగాడు, సాఫ్ట్‌వేర్ ఇంకో ఆటగాడు. మనం ఇన్‌పుట్ ఇస్తాం, అటునుంచి ఏ జవాబు వస్తుందో చూసి తర్వాతి ఎత్తు వేస్తాం. పులిజూదంలో పులి ఎటు కదిలిందో చూడకుండా మేకల ఎత్తులన్నీ ముందే రాసిపెట్టుకోలేం కదా! అంటే టూల్ ఇవ్వాల్సింది ‘ఇలా వస్తే ఇది, అలా వస్తే అది’ అనే వ్యూహం.

యూపీఐ సక్సెస్ కావచ్చు, ఫెయిల్ కావచ్చు, పెండింగ్‌లో పడొచ్చు. మాకొచ్చే గొడవలన్నీ ఆ పెండింగ్ దగ్గరే. రైతు బస్సు టైమైందని కౌంటరు దగ్గర తొందరపెడుతుంటాడు, గుమాస్తా టెన్షన్‌తో మళ్లీ నొక్కుతాడు, డబ్బు రెండుసార్లు పోతుంది. షీటులో పెండింగ్ ఊసే లేదు. అడిగితే “అది బ్యాంకు సమస్య సార్” అన్నాడు టూల్ అమ్మినాయన.

మీ దగ్గరికొస్తే అతని లాగిన్ పేజీ మీద డెమో చూసి ఊరుకోకండి, మీ పేమెంటు స్క్రీన్ మీద చేయించండి. అవతలి ఆటగాడి ఎత్తులు ఎక్కడ రాయాలో చూపించమనండి. మా సాఫ్ట్‌వేర్ ఎప్పుడు ఏ జవాబివ్వొచ్చో అతను ఒక్క ముక్క కూడా అడగలేదు.

కీ యాక్టివేట్ అయింది కాబట్టి వాపసు లేదంటున్నాడు. పైగా వ్యాపారానికి కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని దబాయింపు. కానీ బతుకుతెరువుకు, స్వయం ఉపాధికే కొన్నవాళ్లకు ఆ నిబంధన నుంచి 2019 వినియోగదారుల చట్టంలోనే మినహాయింపు ఉంది, వాళ్లు ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, వాట్సాప్ చాట్ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. కొన్నవాళ్లుంటే మీరూ చేయండి.