ఒంగోలు నుంచి నెల్లూరుకు: సామాను తరలింపు సేవపై సమీక్ష

కార్తిక మాసపు వానల నడుమ ఒంగోలు నుంచి నెల్లూరుకు కాపురం మార్చవలసి వచ్చి, స్థానికంగా పనిచేసే ఒక సామాను రవాణా సంస్థను ఆశ్రయించాము. సుమారు 120 కిలోమీటర్ల దారిలో పరుపులు, పుస్తకాల పెట్టెలు తడవకుండా రెండు వరసల టార్పాలిన్ కప్పి చేర్చినందుకు వారిని మెచ్చుకోవాలి. బీరువాకు పడిన సొట్టను మాత్రం వారు ఒప్పుకోలేదు. బాడుగ సబబే.

అయితే లారీ కంటే ముందు ఊరిని బేరీజు వేసుకోవాలి. నెల్లూరుకు వర్షంలో సింహభాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది. వేసవిలో ఎండ, ఉక్కపోత మనకు తెలిసినవే. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగి, కోవూరు వద్ద జాతీయ రహదారి తెగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిన్న సంగతిని గుర్తుంచుకొని, అద్దె తక్కువని నది ఒడ్డు కాలనీల్లో కింది అంతస్తు తీసుకోకపోవడం మేలు. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీరు నిలుస్తుంది కనుక, పిల్లల బడి, ఉద్యోగం, ఇల్లు రైలు పట్టాలకు ఒకే వైపున ఉండేలా చూసుకోవాలి (ఈ మాట ఏ బ్రోకరూ చెప్పడు).

లాభం నీటిది. ఒంగోలులో వేసవి ట్యాంకర్లకు అలవాటుపడిన మాకు, ఇక్కడి మా వీధి బోర్లలో నీరు పైనే అందడం పెద్ద ఊరట.

సంస్థకు ఐదింట మూడున్నర మార్కులు ఇస్తాను. తొందర లేనివారు సంక్రాంతి దాటాక లారీ మాట్లాడుకోవచ్చు.