గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి వెళ్తున్నారా? "లామా" కాగితం పెడితే జాగ్రత్త

ఆసుపత్రి పేరు రాయొద్దని లాయర్ గారు చెప్పారు, అందుకే రాయట్లేదు. "కోత లేదు, రెండో రోజే ఇంటికి" అని హోర్డింగ్ పెట్టినవాళ్లంటే మన టౌన్ వాళ్లకి అర్థమైపోతుంది.

మా అక్కకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) అన్నారు, చేశారు, మర్నాడు పంపించేశారు. ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బింది, జ్వరం, కళ్లు పచ్చగా అయిపోయాయి. ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు. తీసుకెళ్తే మళ్లీ అదే మాట, ఓ ఇంజెక్షన్ చేసి పంపేశారు. కెమెరా పెట్టడానికి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారట, దానివల్ల భుజాలు నొప్పి పుట్టడం మామూలేనట. సరే, ఒప్పుకుంటాను. గ్యాస్‌కి కళ్లు పచ్చబడతాయా? సర్జన్‌కి ఆమాత్రం తెలియదా?

పరిస్థితి చెయ్యి దాటాక "ఇక్కడ కుదరదు, వైజాగ్ తీసుకెళ్లండి" అని ఆ డాక్టరే చెప్పాడు. అంబులెన్స్ వచ్చి నిలబడింది. అక్క స్ట్రెచర్ మీద మూలుగుతోంది. అప్పుడొచ్చాడు మేనేజర్. బావ చేతిలో ఒక కాగితం పెట్టి "మామూలు ఫార్మాలిటీ, సంతకం పెట్టండి" అన్నాడు. బావకి ఇంగ్లిష్ రాదు. నేను లాక్కుని చదివాను. డాక్టర్లు వద్దంటున్నా వినకుండా మా ఇష్టప్రకారం పేషెంటుని తీసుకెళ్తున్నామనీ, ఇక ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదనీ ఉంది. ఆసుపత్రుల్లో దీన్నే లామా (లీవ్ ఎగైనెస్ట్ మెడికల్ అడ్వైస్) అంటారు.

పొమ్మన్నది వాళ్లు! వద్దన్నదెవరు? అదే అడిగాను. "చూడమ్మా, రూల్స్ మాట్లాడే టైమా ఇది? సంతకం పెడితేనే బండి కదులుతుంది. మీ పేషెంటు, మీ ఇష్టం" అన్నాడు. డాక్టరు వెనకే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. "డాక్టర్ గారూ, తీసుకెళ్లమన్నది మీరే కదా, ఒక్క మాట చెప్పండి" అని బతిమాలాను. తలెత్తి కూడా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. బావ వణికే చేత్తో సంతకం పెట్టాడు. కట్టుకున్నదాని ప్రాణం పోతుంటే పెట్టకుండా ఎవరుంటారు? కాపీ అడిగితే ఇవ్వలేదు.

వైజాగ్‌లో ఎమ్మార్‌సీపీ (పసరు గొట్టాల్ని చూపించే ఎమ్మారై) స్కాన్ తీస్తే తేలింది. గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే చిన్న గొట్టానికి క్లిప్పు పెట్టి కత్తిరించాలి. వీళ్లు లివర్ నుంచి పేగుకి పసరు తీసుకెళ్లే అసలు గొట్టాన్నే కత్తిరించారు. పసరంతా పొట్టలోకి కారింది. ఇప్పుడు పైపు వేసి సంచిలోకి తీస్తున్నారు. ఇన్ఫెక్షన్ తగ్గాక పేగుని పైకి తెచ్చి ఆ గొట్టానికి కుట్టాలి. అది పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్.

ఈ గాయం మంచి సర్జన్ చేతిలోనూ అరుదుగా జరుగుతుందని, వెంటనే కనిపెడితే నష్టం చాలా తగ్గుతుందని వైజాగ్ డాక్టర్ దాపరికం లేకుండా చెప్పారు. గొట్టం తెగినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువవదని లాయర్ గారు కూడా అన్నారు. కళ్లెదుట లక్షణాలున్నా స్కాన్ చెయ్యకుండా పంపేశారన్నదే మా కేసు. ఆ ఆలస్యాన్ని మా మీదికి నెట్టడానికే వాళ్లకి ఆ కాగితం కావాల్సొచ్చింది. తలుచుకుంటే రక్తం మరిగిపోతోంది.

సంతకం అయిపోయింది కదా అని మాత్రం ఎవరూ వదిలెయ్యకండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2008లో సమీరా కోహ్లీ కేసు చూడండి. కీహోల్‌తో లోపల పరీక్ష చేస్తామని ఒప్పించి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఏం చేస్తారో, ఏం ప్రమాదముందో రోగికి చెప్పకుండా తీసుకున్నది సమ్మతి కాదని కోర్టు చెప్పింది.

కేస్ షీట్ కాగితం మీద రాసి అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఆపరేషన్ వీడియో ఉంటే అదీ అడగండి. కేసు 2 ఏళ్లలోపు వెయ్యాలి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. లామా మీద సంతకం తప్పకపోతే, దాని పైనే తెలుగులో "డాక్టరు చెప్పినందుకే తీసుకెళ్తున్నాం" అని రాసి, టైము వేసి, ఫొటో తీసుకోండి.

రేపు పొద్దున్నే రికార్డుల కోసం లెటర్ ఇవ్వడానికి వెళ్తున్నాను. అక్కడ మీచేత కూడా ఇలాంటి సంతకం పెట్టించుకుని ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మీ డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు పారెయ్యకండి.