అనంతపురం ప్రయోగశాలకు ఏది మేలు: ఏటీఆర్‌పీనా, రాఫ్టా?

పాలిమర్ అంటే మోనోమర్‌లనే చిన్న అణువులు వరుసగా కలిసిన గొలుసు. ఆ గొలుసు పొడవును ముందే నిర్ణయించుకొని తయారుచేయాలనుకునే మన సీమ పరిశోధక విద్యార్థికి ఏటీఆర్‌పీ, రాఫ్ట్ వంటి తయారీ పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలన్నదే మొదటి ప్రశ్న. 1956లో మైఖేల్ స్వార్క్ చూపిన సజీవ ఆనయానిక్ పద్ధతిలో (ఋణావేశం గల కొసతో, దానంతట ఆగిపోకుండా గొలుసు పెరిగే పద్ధతి) గొలుసులన్నీ దాదాపు ఒకే పొడవుతో వస్తాయి గాని, అది రవ్వంత తేమను కూడా సహించదు కనుక సాధారణ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దానితో మొదలుపెట్టడం శ్రమకు తగిన పని కాదు. గొలుసు కొసను నైట్రాక్సైడ్ అణువు పట్టుకొని వదులుతూ నడిపే నైట్రాక్సైడ్ పద్ధతి స్టైరీన్ అనే మోనోమర్‌కు చక్కగా పనిచేసినా సాధారణంగా 120 డిగ్రీల చుట్టుపక్కల వేడి కోరుతుంది, మిథాక్రిలేట్ మోనోమర్‌లకు సులభంగా లొంగదు.

అసలు పోటీ మిగిలిన రెండు పద్ధతులైన ఏటీఆర్‌పీ, రాఫ్ట్‌ల మధ్యనే. 1995లో మత్యాషెవ్‌స్కీ, సవమోతో బృందాలు వేర్వేరుగా వెలువరించిన ఏటీఆర్‌పీలో (పరమాణు బదిలీ రాడికల్ పాలిమరీకరణలో) ప్రతి గొలుసు కొసన ఒక హాలోజన్ పరమాణువు ఉంటుంది. రాగి సమ్మేళనం దాన్ని తీసుకున్నప్పుడు రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ గల చురుకైన కొస) ఏర్పడి గొలుసు కాస్త పెరుగుతుంది, తిరిగి ఇచ్చినప్పుడు పెరుగుదల ఆగుతుంది. గొలుసులు ఎక్కువసేపు ఈ ఆగిన స్థితిలోనే ఉండటం వల్ల రెండు రాడికల్‌లు ఎదురుపడి నశించడం బాగా తగ్గుతుంది. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ శాస్త్రవేత్తలు ప్రకటించిన రాఫ్ట్‌లో లోహం అవసరం లేదు. రాడికల్‌లను ఏఐబీఎన్ వంటి మామూలు ఇనీషియేటర్ (చర్యను మొదలుపెట్టే పదార్థం) ఇస్తుంది, గంధకం గల బదిలీ కారకం పెరిగే అవకాశాన్ని గొలుసు నుంచి గొలుసుకు మారుస్తుంది. స్టైరీన్ అణువులు 200, కారకం అణువు 1 చొప్పున తీసుకొని సగం మోనోమర్ ఖర్చయ్యాక ఆపితే, కారకం బరువును పక్కనపెట్టి అణుభారం సుమారు 10,400 రావాలి.

అక్రిలిక్ ఆమ్లంతో నీటిని పీల్చే జెల్‌లు చేయదలచినవారికి నేను నిస్సంకోచంగా రాఫ్ట్‌నే సూచిస్తాను. ఆమ్లం లైగాండ్‌కు (రాగిని పట్టి ఉంచే అణువుకు) ప్రోటాన్‌ను అంటగట్టి రాగి ఉత్ప్రేరకాన్ని దెబ్బతీయడం మామూలు ఏటీఆర్‌పీకి పాత చిక్కు. పైగా, ఔషధాలను మోసే పాలిమర్‌లో మిగిలిన రాగిని అల్యూమినా కాలమ్ గుండా పంపి తొలగించడం మరో పని. అస్కార్బిక్ ఆమ్లంతో రాగిని పునరుద్ధరిస్తూ అతి స్వల్ప మోతాదుతో నడిపే మార్గం వచ్చాక ఈ భారం చాలా తగ్గిందన్నది కూడా నిజమే.

రాఫ్ట్‌లోనూ జాగ్రత్తలున్నాయి. మోనోమర్‌కు తగిన కారకమే ఎంచుకోవాలి: మిథాక్రిలేట్లకు బాగా నడిచే డైథయోబెంజోయేట్ కారకంతో వినైల్ ఎసిటేట్ మోనోమర్ కదలదు, దానికి జాంథేట్ అనే మరో రకం కారకం కావాలి. రెండు రకాల మోనోమర్ భాగాలు ఒకదాని వెనుక ఒకటి ఉండే బ్లాక్ కోపాలిమర్‌లో మిథాక్రిలేట్ భాగాన్ని ముందు, అక్రిలేట్ భాగాన్ని తర్వాత కట్టాలి. పాలిమర్‌కు గులాబీ లేదా పసుపు రంగు అంటుతుంది. మన ఎండలకు ఏఐబీఎన్‌ను తప్పనిసరిగా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ పాలిమర్ నీటి ద్రావణం 32 డిగ్రీల దగ్గరే తెల్లబారుతుంది గనుక, అనంతపురం మే నెలలో అది బల్లమీదే మసకబారితే పద్ధతిని అనుమానించకుండా ముందు ఉష్ణమాపకం చూడాలి. ఏ పద్ధతిలోనైనా ఆక్సిజన్‌ను తొలగించడంలో అశ్రద్ధ పనికిరాదు.

సిలికా రేణువుల ఉపరితలం నుంచి గొలుసులను పెంచదలిస్తే మాత్రం నా మొగ్గు ఏటీఆర్‌పీ వైపే: బ్రోమైడ్ ఇనీషియేటర్‌ను రేణువులకు అతికించడం తేలిక, రాఫ్ట్ కారకం అంటించే రంగు బెడద ఉండదు.