పాయింట్ టూటూ రైఫిల్‌కి చెవి రక్షణ: ఫోమ్ ప్లగ్‌లా, ఇయర్ మఫ్‌లా?

సైలెన్సర్ సంగతి ముందే తేల్చేద్దాం. 2016 ఆయుధాల నిబంధనల్లో అది నిషేధిత జాబితాలో ఉంది. పాయింట్ టూటూ (.22 కాలిబర్) రైఫిల్ చప్పుడేమో దాదాపు 140 డెసిబెల్స్. కాబట్టి అడ్డుకట్ట చెవి దగ్గరే వేయాలి.

ఫోమ్ ప్లగ్‌లు చవక, చొక్కా జేబులో పడుంటాయి. మంచి రకాల మీద చప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో చెప్పే రేటింగ్ 29 నుంచి 33 దాకా రాసుంటుంది. కానీ ఆ అంకె సరిగ్గా పెట్టుకున్నవాళ్లకే. సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. విశాఖ ఉక్కపోతలో చెమట వేళ్లతో ఈ పని చేసి చూడండి, తెలుస్తుంది! సగం బయటే ఉండిపోయిందా, పెట్టుకున్నా దండగే.

హెడ్‌ఫోన్‌లా చెవుల్ని కప్పే మఫ్‌లు రెండు సెకన్లలో తగిలించేసుకోవచ్చు. చిక్కంతా రైఫిల్‌తోనే. చెంప బట్‌కి (రైఫిల్ వెనక భాగానికి) ఆనించగానే ఆ వైపు కప్పు చెక్కకి తగిలి కాస్త పైకి లేస్తుంది. కళ్లద్దాల కాడ దగ్గర ఇంకో సందు. మే నెలలో అయితే పది గుళ్లు కాల్చేసరికి కుషన్ కింద చెమట కాలువే.

నా ఓటు ప్లగ్‌లకే. పిల్లలకు మాత్రం మఫ్‌లు: సరిగ్గా పెట్టుకున్నారో లేదో కోచ్‌కి దూరం నుంచే కనిపిస్తుంది.

రెండూ కలిపి వేసుకుంటే రేటింగులు కూడేసుకోకండి. పెద్దదానికి మరో 5 డెసిబెల్స్ కలిస్తే గొప్ప. నాలుగు గోడల మధ్య చప్పుడు తిరిగొచ్చే ఇండోర్ రేంజ్‌లో ఆ 5 కూడా వదులుకోను.